ముందు ఎవరికి, చివర ఎవరికి? నాగయ్య గారి సంపాదన లెక్క

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఈ ఎండలో బెజవాడ గాంధీనగర్ దాకా వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. దాతల పేర్లు వరసగా చదవమని చీటీ ఇచ్చారు. అధ్యక్షుల వారు ఇందాకే చక్కగా చదివారు కనుక మళ్లీ చదవను. ఆ ఐదు నిమిషాలూ నాకు లెక్కలకు కావాలి.

ఇవాళ మార్చి 28. చిత్తూరు నాగయ్య గారు 1904లో ఇదే రోజున రేపల్లెలో పుట్టారు. అప్పుడది గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. 1938లో సినిమాల్లోకి వచ్చారు. తెర మీద ముందు పోతన అయ్యారు, 1947లో వేమన అయ్యారు. ఆ రెంటి నడుమ 1946లో త్యాగయ్య అయ్యారు. ఆ ‘త్యాగయ్య’కు నటుడూ ఆయనే, సంగీతమూ ఆయనదే, దర్శకత్వమూ ఆయనదే, రేణుకా ఫిలిమ్స్ పేరున పెట్టుబడీ ఆయనదే. 1965లో పద్మశ్రీ వచ్చింది. 1973 డిసెంబరు 30న మద్రాసులో పోయారు. పోయేనాటికి చేతిలో ఏమీ లేదు.

ఈ చివరి మాట దగ్గర ప్రతి సభలోనూ ఒకే వాక్యం వినిపిస్తుంది. ‘ఎడమ చేతికి తెలియకుండా దానాలు చేశారు, అందుకే పోయింది’ అంటారు. చప్పట్లు కొడతాం, ఇళ్లకు వెళతాం. ఆయన దాత, అందులో సందేహం లేదు. కానీ దానం అనే ఒక్క మాట మీద మొత్తం పద్దు రాసేసి పుస్తకం మూసేస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. తన డబ్బు తన సినిమాలో పెట్టిన ప్రతి నటుడికీ అన్యాయం చేసినట్టే. అందుకే నేను ఒకే ప్రశ్న పట్టుకుని వచ్చాను. సినిమా డబ్బు ముందు ఎవరికి చేరుతుంది, చివర ఎవరికి చేరుతుంది?

నటుడికి ముందు చేరుతుంది. ఒప్పుకున్న రోజున అడ్వాన్సు, షెడ్యూలుకింత చొప్పున కొంత, బ్యాలెన్సు ఎక్కడైనా ఆగితే డబ్బింగు ముందర వసూలు. సినిమా ఆడినా ఆడకపోయినా ఆ సొమ్ము ఆయనదే. నిర్మాతకు చివర చేరుతుంది. వరస చూపడానికి ఆ రోజుల లెక్క ఒకటి వేద్దాం. హాలులో వంద రూపాయల టికెట్లు తెగాయి. వినోదపు పన్ను ముప్పై అనుకోండి, మిగిలింది డెబ్బై. అందులో సగం హాలు వాళ్లది. ముప్పై అయిదు డిస్ట్రిబ్యూటరు చేతికొస్తుంది. దాని పేరు షేరు. వాళ్లు ముందుగా ప్రింట్ల ఖర్చు, వాల్‌పోస్టర్ల ఖర్చు, ఫిలిం పెట్టెల రవాణా, పెట్టెతో పాటు వెళ్లి టికెట్లు లెక్కపెట్టే రిప్రజెంటేటివు బత్తా పట్టుకుంటారు. తర్వాత తమ కమిషను. ఆ పైన మిగిలింది కూడా నిర్మాత చేతికి రాదు, తాము ముందు ఇచ్చిన అడ్వాన్సుకు జమ వేసుకుంటారు. అది తీరాక ఫైనాన్షియరు. ఆయన బాకీ తీరాక నిర్మాత. వంద రోజుల పోస్టరు గోడ మీద ఉంటుంది. వంద రోజులు కనిపించేది గ్రాసు, అంటే టికెట్ల మొత్తం వసూలు. నిర్మాత బతికేది షేరులో మిగిలిన దాని మీద.

ఇది మన బెజవాడకు కొత్త సంగతి కాదు. ఈ గాంధీనగర్ వీధుల్లోనే ఆంధ్రా ఏరియా అంతా కొన్నారు, అమ్మారు. నైజాం అంటే తెలంగాణ, సీడెడ్ అంటే రాయలసీమ, ఆంధ్రా అంటే కోస్తా, ఇలా రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసి లెక్కలు రాశారు. తర్వాత ఆంధ్రాను కృష్ణా, గుంటూరు, నెల్లూరు, తూర్పు, పడమర, ఉత్తరాంధ్ర అని మళ్లీ కోశారు. మినిమం గ్యారంటీ, అవుట్‌రైట్, అడ్వాన్సు మీద కమిషను. ఈ మూడు మాటల్లో ఏ మాట మీద సంతకం పెట్టాడో చూస్తే నిర్మాత భవిష్యత్తు చెప్పవచ్చు. మినిమం గ్యారంటీ అంటే ఆడినా ఆడకపోయినా కనీసం ఇంత ఇస్తామని డిస్ట్రిబ్యూటరు ముందే ఒప్పుకోవడం. అవుట్‌రైట్‌కు, అంటే ఒకే మొత్తానికి, ఇచ్చేస్తే సినిమా ఏడాది ఆడినా అదనంగా ఒక్క రూపాయి రాదు. కమిషను పద్ధతిలో ఆడకపోతే తీసుకున్న అడ్వాన్సు తిరిగి కట్టాలి. చాలామంది దాన్ని తర్వాతి సినిమాకు బదిలీ రాయిస్తారు. అంటే తర్వాతి సినిమా మొదలు కాకముందే అప్పులో ఉన్నట్టు.

ఇప్పుడు ముడి ఫిలిం దగ్గరికి వస్తాను. దీన్ని తొందరగా దాటేస్తారు, దాటకూడదు. 35 ఎం.ఎం.లో నిమిషానికి 90 అడుగులు కదులుతుంది. మూడు గంటల బొమ్మ అంటే 16,200 అడుగులు. అది కోసి అతికించాక మిగిలింది. నాలుగు నిమిషాల పాటకు తెర మీద 360 అడుగులు చాలు. ప్రతి షాటూ అయిదుసార్లు తీస్తే 1,800 అడుగులు తిరుగుతుంది. బొమ్మ నెగెటివు వేరు, శబ్దం నెగెటివు వేరు. యుద్ధం రోజుల్లో ముడి ఫిలిం లైసెన్సు మీద ఇచ్చేవారు, సినిమా 11,000 అడుగులు దాటకూడదన్నారు, అంటే రెండు గంటల పైన రెండు నిమిషాలు. ఆ కరువు వెనకే వచ్చిన సినిమా ‘త్యాగయ్య’. అందులో కీర్తన వెంట కీర్తన. పాడే మనిషే నటించాలి, ఆ మనిషే కెమెరా వెనక నిలబడి సరిపోయిందో లేదో చెప్పాలి. దర్శకుడు వేరే ఉంటే, నటుడు ఇంకో టేకు అడిగినప్పుడు చాలు అనే నోరు ఒకటి ఉంటుంది. నటుడే దర్శకుడు, దర్శకుడే నిర్మాత అయినప్పుడు ఆ నోరు లేదు. తృప్తి పడని కళాకారుడు తన ఫిలిం తానే తిప్పుతాడు. ఖర్చు అక్కడ మొదలవుతుంది.

1953లో ‘నా ఇల్లు’ తీశారు, తమిళంలో ‘ఎన్ వీడు’ కూడా. రెండు భాషలు కలిపి తీస్తే సెట్టు ఒక్కటే కదా, ఆదా కదా అనిపిస్తుంది. సెట్టు ఒక్కటే, నిజమే. నెగెటివు రెండింతలు. సెట్టు నిలబడి ఉండే రోజులు పెరుగుతాయి, స్టూడియో ఫ్లోరు అద్దె రోజు లెక్కన పడుతుంది. ఎడిటింగు రెండు, రీరికార్డింగు రెండు.

ఆ తర్వాత ‘భక్త రామదాసు’. 1964లో విడుదలైంది, కానీ తయారీ ఏళ్ల తరబడి సాగింది. ఇక్కడ వడ్డీ లెక్క వినండి, దయచేసి శ్రద్ధగా వినండి. నూటికి నెలకు రెండు రూపాయలు సినిమా అప్పులో పెద్ద వడ్డీ కాదు. లక్షకు ఏడాదికి ఇరవై నాలుగు వేలు. ఏడాదిలో సినిమా విడుదలైతే 1,24,000 తీర్చాలి. అయిదేళ్లు పడితే బారు వడ్డీ లెక్కనే 2,20,000. చక్రవడ్డీ నేను వేయడం లేదు. సినిమా అదే, నటులు వారే, పాటలు అవే, అప్పు మాత్రం రెండింతలు దాటింది. ఆ ఏళ్లలో నటులు ఇచ్చిన తేదీలు, అంటే కాల్షీట్లు, తప్పుతాయి, ముఖాలు మారతాయి, కంటిన్యుటీ కోసం మళ్లీ తీయాలి, కూల్చిన సెట్టు మళ్లీ వేయాలి. విడుదల దగ్గరపడితే ల్యాబ్ లెటరు అడ్డం నిలుస్తుంది. అంటే తన బాకీ తీరిందని ఫైనాన్షియరు రాసి ఇచ్చేదాకా ల్యాబు ప్రింట్లు బయటికి ఇవ్వదు. చేతిలో పూర్తయిన సినిమా ఉంటుంది, హాలుకు పంపడానికి హక్కు ఉండదు. అప్పుడు నిర్మాత ఏ ధరకైనా నెగెటివు రైట్సు, అంటే సినిమా మీద హక్కులు, రాసిచ్చేస్తాడు. రాముడి గుడికి ఖజానా డబ్బు వాడి చెరసాలకు వెళ్లిన మనిషి కథను నాగయ్య గారు ఈ పద్ధతి మధ్యలో కూర్చుని తీశారు.

దానం సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే నా బాధంతా అక్కడే. అదే 1946లో ఇంకో తెలుగు నటుడు దర్శకుడయ్యారు. ఏలూరు దగ్గర సోమవరప్పాడు మనిషి, ఎల్.వి. ప్రసాద్ గారు. 1931లో ‘ఆలం ఆరా’లో, ‘కాళిదాస్’లో, మరుసటి ఏడాది ‘భక్త ప్రహ్లాద’లో కనిపించారు. ‘గృహప్రవేశం’లో హీరో ఆయనే, దర్శకుడూ ఆయనే. ఆయనా దానం చేశారు. హైదరాబాదులో 1987లో మొదలైన కంటి ఆసుపత్రికి స్థలం, కోటి రూపాయలు ఆ కుటుంబం ఇచ్చినవే. దానం మనిషిని ముంచేదే అయితే ఆయనా మునగాలి కదా? 1982లో ఫాల్కే అవార్డు అందుకున్న ఆ మనిషి మునగలేదు. ఎందుకు? వరసలో ఆయన నిలబడిన చోటు మారింది కనుక. 1976లో మద్రాసులో ఫిలిం ల్యాబు పెట్టారు. ముప్పై ప్రింట్లు తీస్తే 4,86,000 అడుగులు, అడుగుకింత. సినిమా మర్నాటికి ఎత్తేసినా ల్యాబు బిల్లు ల్యాబుదే, ప్రింటు గడప దాటకముందే వసూలు. నిర్మాత చివరివాడు, ల్యాబు మొదటివాడు. ముందు ఎవరికి, చివర ఎవరికి? అందుకే ఇంతసేపు ఈ ప్రశ్న అడుగుతున్నాను.

ఇంకొక్క జంట చెప్పి ఆపుతాను. ‘మూగమనసులు’ కథను ప్రసాద్ గారు 1967లో హిందీలో ‘మిలన్’గా తీశారు. అదే కథను మన బ్యారేజీ అవతల చిర్రావూరులో పుట్టిన సావిత్రి గారు తమిళంలో ‘ప్రాప్తం’గా తీశారు, 1971లో. నిర్మాతా ఆమే, దర్శకురాలూ ఆమే, నాయికా ఆమే. హిందీలో లాభం, తమిళంలో నష్టం. ఆ నష్టం ఆమెను ఎంత దూరం తీసుకుపోయిందో మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లోనే రెండు లక్షలు దాటిన ఆదాయం మీద పన్ను, సర్‌ఛార్జీతో కలిపి, నూటికి 97 రూపాయల 75 పైసల దాకా వెళ్లింది. పారితోషికంలో కొంత రసీదు లేకుండా చేతులు మారిందంటే కారణం అది. రసీదు లేని డబ్బు సినిమాలో పెట్టి నష్టపోతే ఆ నష్టాన్ని ఏ లెక్కలోనూ చూపలేరు. సంపాదనకు పన్ను నోటీసు వస్తుంది, పోయినదానికి కాగితం ఉండదు. ఆమెను గురించి కూడా మనం మందు మాట, మనసు మాట చెప్పుకుంటాం. పద్దు మాట చెప్పుకోం.

సినిమా హక్కు విడుదలైన ఏడాది ముగిశాక అరవై ఏళ్లు. ‘త్యాగయ్య’కు 2006తో తీరింది. ‘నా ఇల్లు’కు 2013తో, ‘భక్త రామదాసు’కు 2024తో. ఇప్పుడు వాటిని ఎవరు ఎక్కడ వేసుకున్నా సినిమా హక్కు పేరున ఎవరికీ రూపాయి ఇవ్వనక్కర్లేదు.

పెద్దలు గడియారం చూపిస్తున్నారు. అసలు మనవి ఇప్పుడే చెప్పాలి. గాంధీనగర్‌లో పాత డిస్ట్రిబ్యూషను ఆఫీసులు ఒక్కొక్కటీ మూసేస్తుంటే చిట్టాలు, ఆవర్జాలు అనే లెక్కల పుస్తకాలు, డి.సి.ఆర్. అనే రోజువారీ వసూళ్ల రిపోర్టుల కట్టలు తూకానికి పోతున్నాయి. ఏ సినిమాకు ఏ ఊళ్లో ఏ రోజు ఎంత తెగిందో, ఎంత అడ్వాన్సు ఇచ్చారో, ఎంత మినహాయించారో అందులోనే ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా ఆ ఆఫీసుల్లో గుమాస్తాగానో రిప్రజెంటేటివుగానో చేసి ఉంటే, ఈ వారం అటక దించి చూడండి. చిరిగిన కాగితానికి సెల్లోటేపు అంటించకండి, ఆ జిగురు కాగితాన్ని తినేస్తుంది. లామినేషను అసలే వద్దు. పురుగు ఉంటే ఎండలో పరచకండి, నీడలో ఆరబెట్టి మెత్తటి బ్రష్షుతో దులపండి. పేజీ పేజీ ఫోనులో ఫొటో తీయండి, ఖాళీ పేజీ కూడా వదలకండి. ఫిలిం డబ్బాలు ఉండి వెనిగరు వాసన వేస్తుంటే మిగతా డబ్బాలకు దూరంగా పెట్టండి. 1950కి ముందు రీలైతే అది నైట్రేటు కావచ్చు, నిప్పు దగ్గరికి గానీ వంటింటి అటక మీదికి గానీ చేర్చవద్దు. మీరు మూత తీయకండి, ముందు మాకు కబురు చేయండి.

తలుపు పక్కన బల్ల మీద నోటు పుస్తకం పెట్టాం. పుస్తకం మీద ఏ సంవత్సరం ఉందో, ఏ ఆఫీసుదో, ఎన్ని కట్టలో రాసి వెళ్లండి. కట్టలు మాకు ఇవ్వనక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి. ఫొటోలు తీయడానికి మేమే మీ ఇంటికి వస్తాం.