కుర్చీ ఒకరిది, తాళం ఒకరిది

మిత్రులారా,

2021 ఏప్రిల్ 7న లండన్‌లో మయన్మార్ రాయబారి క్యా జ్వార్ మిన్ తన ఎంబసీలోకి తానే వెళ్లలేకపోయారు. లోపలి నుంచి తలుపులు వేయించింది ఆయన కింద పనిచేసే మిలిటరీ అటాషే, అంటే ఎంబసీలో సైన్యం తరఫు అధికారి. ఫిబ్రవరి 1న సైన్యం కుట్ర చేసి అధికారం లాక్కుని, నిర్బంధించిన ప్రజానాయకురాలు ఆంగ్ సాన్ సూచీని వదిలిపెట్టమని అడిగినందుకు ఈ శిక్ష. ఆ రాత్రి ఆయన కారులోనే గడిపారు. బ్రిటన్ సైనిక పాలకులను గట్టిగానే తిట్టింది. కానీ ఆయన పదవి పోయిందంటూ వాళ్లు పంపిన కబురును మాత్రం ఒప్పుకుంది!

'మేం దేశాలనే గుర్తిస్తాం, ప్రభుత్వాలను కాదు' అని బ్రిటన్ 1980లోనే ప్రకటించింది. వినడానికి పెద్దమనిషి మాటలాగే ఉంది. ఆచరణలో మాత్రం భవనం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే రాజ్యమైంది.

న్యూయార్క్‌లో కథ అడ్డం తిరిగింది. ఫిబ్రవరి 26న ఐరాస సర్వప్రతినిధి సభలో మయన్మార్ ప్రతినిధి క్యా మో తున్ సైనిక కుట్రను ఖండించి, సైన్యాన్ని ఎదిరిస్తున్న ఉద్యమకారుల్లా మూడు వేళ్లు పైకెత్తారు. మర్నాడే సైన్యం ఆయన్ను పీకేసింది. అయినా కుర్చీ ఆయనదే! ఎవరి నియామక పత్రాలు చెల్లుతాయో చూసే 9 దేశాల కమిటీ ఆ డిసెంబరులో నిర్ణయాన్ని వాయిదా వేసింది. అందులో అమెరికా, చైనా, రష్యా మూడూ ఉన్నాయి. వాయిదా అంటే మన కోర్టుల వల్ల మనకు చేదుగా తోస్తుంది గానీ, ఇక్కడ అదే తీర్పు: తేలేదాకా పాత ప్రతినిధిదే కుర్చీ. కుట్ర జరిగిన కొద్ది రోజులకే అమెరికా కేంద్ర బ్యాంకు శాఖ అయిన న్యూయార్క్ ఫెడరల్ రిజర్వులో మయన్మార్ దాచుకున్న సుమారు 100 కోట్ల డాలర్లు తీసుకోబోతే, అక్కడా సైన్యానికి చుక్కెదురైంది.

ఇక మన సంగతి. మనకు మయన్మార్‌తో 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. 1960ల్లో నే విన్ సైనిక పాలనలో దుకాణాలు పోగొట్టుకుని రంగూన్ నుంచి ఓడలెక్కి వచ్చిన తెలుగు కుటుంబాలు విశాఖలో ఇప్పటికీ ఉన్నాయి. పొరుగున ఎవరు గద్దెనెక్కినా మాట్లాడక తప్పదంటే ఒప్పుకుంటాను. కానీ 2021 మార్చి 27న మయన్మార్ రాజధాని నేపీడాలో సైనిక దినోత్సవ పెరేడ్‌కు ప్రతినిధిని పంపిన 8 దేశాల్లో మనమూ ఉన్నాం. అదే రోజు ఆ దేశపు వీధుల్లో సైన్యం వంద మందికి పైగా జనాన్ని చంపింది. సరిహద్దు గురించి మాట్లాడటానికి ఆ పెరేడ్‌లో కుర్చీ అక్కర్లేదు.