ఇంగ్లీషుకు అందని ‘తొఖ్’

మిత్రులకు నమస్కారం. డచ్ నేర్చుకుంటున్న మనలాంటివాళ్ళు నిఘంటువు తెరిచి తికమకపడే మాట ‘తొఖ్’. చివరి హల్లు గొంతులోంచి గరగరమంటూ రావాలి. నెదర్లాండ్స్‌లోనైనా, బెల్జియంలోని ఫ్లాండర్స్‌లోనైనా ఇది వినపడని సంభాషణ అరుదు. జర్మన్ ‘దొఖ్’, ఇంగ్లీషు ‘దో’ (though) దీనికి దాయాదులే. అయినా దీని పనులన్నీ ఆ ‘దో’ వల్ల కావు.

‘హెట్ రేఖెండె, మార్ వె జైన్ తొఖ్ ఖెఖాన్.’ వాన పడింది, అయినా వెళ్ళాం. ఇంగ్లీషులో ‘స్టిల్’ అంటే సరిపోతుంది. ‘ఇక్ మూట్ తొఖ్ నార్ డె మార్క్ట్’ అంటే నేను ఎలాగూ మార్కెట్‌కి వెళ్ళాలి అని. ఇక్కడ ‘ఎనీవే’ కావాలి.

అసలు చిక్కు ప్రశ్నలో వస్తుంది. ‘యె కొమ్ట్ మోర్ఖెన్ తొఖ్?’ రేపు వస్తావు కదా? ఇంగ్లీషులో మనిషినీ క్రియనూ బట్టి ‘ఆరంట్ యూ’, ‘డజంట్ హీ’, ‘హావెంట్ దే’ అని తోక మార్చుకుంటూ పోవాలి. డచ్‌లో ‘తొఖ్’ మారదు, మన ‘కదా’ మారదు. అందుకే నా మాట వినండి: ఈ ఒక్క మాట దగ్గర ఇంగ్లీషు మీదుగా వెళ్ళకండి, తెలుగులోంచి నేరుగా వెళ్ళండి.

ఒత్తిడి మాత్రం జాగ్రత్త. ‘హై కొమ్ట్ తొఖ్’ అని మామూలుగా అంటే ‘వస్తాడు కదా’ అని. ‘తొఖ్’ను ఒత్తి పలికితే, రాడనుకున్నవాడు చివరికి వస్తున్నాడని! ఇంగ్లీషులో ‘ఆఫ్టర్ ఆల్’. రాతలో ఆ తేడా తెలియడానికి అచ్చు మీద చిన్న గీత పెడతారు, కానీ అందరూ పెట్టరు.

‘కొమ్ తొఖ్ బినెన్’ అని పిలిస్తే ఇంగ్లీషువారు ‘డూ కమ్ ఇన్’ అంటారు. మనం ‘రండి, రండి’ అని రెండుసార్లు అంటాం. ‘వాట్ ఇజ్ హెట్ తొఖ్ కౌట్!’ అబ్బ, ఎంత చలో! ఇక్కడ ఇంగ్లీషులో మాటే మిగలదు, గొంతులోని విసుగు తప్ప.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాడుక ఇది: ‘యె బెంట్ తొఖ్ నీట్ జీక్?’ ఇంగ్లీషులో ‘షూర్లీ’ తగిలించినా అందులోని కంగారు పూర్తిగా రాదు. అటు భయం, ఇటు కాకూడదన్న ఆశ, రెండూ ఉండాలి. తెలుగులో అయితే, ‘కొంపదీసి ఒంట్లో బాగోలేదా ఏంటి?’ అవతలివారు బాగానే ఉంటే ‘నే హోర్’ అంటారు. అబ్బే, అదేం లేదండీ.