దగ్గు వచ్చే ముందు ఒక బిగింపు

అందరికీ నమస్కారం. లోపలికి వస్తూ ఒకటి గమనించాను. ముందు వరస ఖాళీగా ఉంది, తలుపు పక్కన కుర్చీలు మాత్రం అన్నిటికన్నా ముందే నిండిపోయాయి. ఎందుకో నాకు తెలుసు. ఇన్నేళ్లుగా ఆడవాళ్లకు ఫిజియోథెరపీ చేస్తున్నదాన్ని కదా. బాత్రూమ్ వరండాలో ఎడమ చేతి వైపు ఉంది. నీళ్లు వస్తున్నాయి, గడియ పడుతోంది, చూసే వచ్చాను. మధ్యలో ఎవరు లేచినా నేను మాట ఆపను, మీరూ తల తిప్పి చూడొద్దు.

ఈ ఇబ్బందిని పేపర్లలో 'మూత్రాన్ని నియంత్రించుకోలేకపోవడం' అని రాస్తారు. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరూ అలా అనరు. 'తుమ్మితే పడిపోతోందమ్మా' అంటారు. 'బాత్రూమ్ దాకా వెళ్లేలోపే అయిపోతోంది' అంటారు. కొందరు అదీ అనరు. నడుం నొప్పి అని వచ్చి, పది నిమిషాలు నడుం గురించే చెప్పి, లేచి చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర అసలు సంగతి చెప్తారు.

తుమ్మితే, దగ్గితే, నవ్వితే, బిందె ఎత్తితే పడిపోయేది ఒక రకం. దీన్ని డాక్టర్లు స్ట్రెస్ అని రాస్తారు. ఆ చీటీ చూసి 'నాకేం టెన్షన్లు లేవండీ' అన్నవాళ్లు ఎంతమందో. ఇక్కడ స్ట్రెస్ అంటే మనసు మీద ఒత్తిడి కాదు, పొట్టలో ఒత్తిడి. రెండో రకం, ఉన్నట్టుండి ఆగలేనంత తొందర రావడం. బస్సు దిగి ఇంటి తాళం తీస్తుండగానే పడిపోతుంది. రెండూ కలిసి ఉన్నవాళ్లూ చాలామందే.

నులక మంచం ఎరిగినవాళ్లు ఈ హాల్లో సగం మందైనా ఉంటారు. కటి ఎముకల మధ్య, ముందు నుంచి వెనక తోక ఎముక దాకా, కండరాల అల్లిక ఒకటి ఉంది. పెల్విక్ ఫ్లోర్ అంటాం. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం దాని మీద ఆనుకుని ఉంటాయి. కాన్పులకు, ఏళ్ల తరబడి మోసిన బరువులకు, మలబద్ధకంతో ముక్కడానికి, ముట్లుడిగాక ఒంట్లో వచ్చే మార్పులకు ఆ అల్లిక కుంగుతుంది. మంచం కుంగితే పారేయం కదా, కాళ్ల వైపు తాడు లాగి బిగిస్తాం. కాకపోతే మంచం తాడు కంటికి కనిపిస్తుంది, ఇది కనిపించదు. చిక్కంతా అక్కడే.

మనలో బాలింతకు నడికట్టు కడతారు. పొట్టకు ఆసరా దొరుకుతుంది, హాయిగా కూడా ఉంటుంది, కాదనను. కానీ కట్టు ఈ కింది కండరాలకు పని నేర్పదు. పైగా బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదని పెద్దవాళ్లు ఆపితే మలబద్ధకం వస్తుంది, ముక్కడం మొదలవుతుంది, కుంగిన అల్లికను ఇంకాస్త కిందికి తోసినట్టవుతుంది.

'కెగెల్ వ్యాయామం' అన్న మాట మీలో చాలామంది యూట్యూబ్‌లో వినే ఉంటారు. ఆర్నాల్డ్ కెగెల్ అమెరికాలో స్త్రీల వైద్యుడు. 1948లో ఈ వ్యాయామం గురించి రాశాడు. వీడియోల్లో చెప్పని సంగతి ఒకటుంది. ఆయన 'బిగించండమ్మా' అని నోటితో చెప్పి ఇంటికి పంపలేదు. యోనిలో పెట్టి ఒత్తిడి కొలిచే చిన్న పరికరం తయారు చేశాడు. తను సరిగా బిగిస్తే ముల్లు కదలడం ఆ మనిషే కళ్లారా చూసుకునేది. తర్వాతి కాలంలో వ్యాయామం లోకమంతా పాకింది, ఆ ముల్లు మాత్రం వెనకబడిపోయింది.

దాని ఫలితం ఏమిటో 1991లో అమెరికాలోనే తేలింది. 47 మంది స్త్రీలకు ఈ బిగింపు గురించి నోటిమాటగా వివరించి, ఎలా చేస్తున్నారో పరీక్షించారు. సరిగా చేసినవాళ్లు సుమారు సగం మంది. నాలుగో వంతు మంది, సమస్యను పెంచే అవకాశం ఉన్న పద్ధతిలో చేస్తున్నారు. పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కుతున్నారన్నమాట. వాళ్లు చదువు రానివాళ్లూ కాదు, మొద్దులూ కాదు. కంటికి కనపడని కండరాన్ని మాటతో పట్టుకోమంటే ఎవరికైనా అంతే.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక కాగితం ఇచ్చేదాన్ని. రోజుకు మూడుసార్లు, పదేసి బిగింపులు, రెండు నెలల తర్వాత రండి అని. చాలామంది రాలేదు. వచ్చినవాళ్లు 'ఏం తేడా లేదమ్మా' అనేవాళ్లు. వీళ్లు చేసి ఉండరు అని మనసులో వాళ్లనే తప్పుపట్టేదాన్ని. కొందరు నిజంగానే చేయలేదు. కొందరు మాత్రం రెండు నెలలు నిష్ఠగా, తప్పుగా చేశారు. తప్పుగా చేస్తున్నారని చూడాల్సిన మనిషిని నేనే కదా.

అందుకని ముందు ఫిజియోథెరపిస్ట్ ఒక్కరే, ఒక్కొక్కరినే చూడాలి. గదిలో ఎవరూ ఉండరు. మీరు ఒప్పుకుంటే గ్లవ్ వేసుకుని వేలితో లోపల పరీక్ష చేస్తాం. వద్దంటే మానేస్తాం, పొట్ట మీద స్కానింగ్ పెట్టి కూడా మూత్రాశయం అడుగు పైకి లేస్తోందా లేదా చూడొచ్చు. బిగింపు ఎన్ని సెకన్లు నిలుస్తోంది, ఎన్నిసార్లకు అలసిపోతోంది లెక్కపెడతాం. మూడు సెకన్లే నిలిచేవాళ్లకు మూడు సెకన్లతోనే మొదలు. మొదటి రోజే పదిసెకన్లు పట్టమంటే ఆ కండరం చేతులెత్తేస్తుంది, పిరుదులు, తొడలు బిగుసుకుంటాయి, ఊపిరి ఆగిపోతుంది, మీరేమో చేస్తున్నాననే అనుకుంటారు. ఇంకో రకం వాళ్లున్నారు. వాళ్ల కండరం వదులుగా ఉండదు, ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, కలయికలో నొప్పి ఉంటుంది. వాళ్లకు ముందు వదలడం నేర్పాలి. వీడియో చూసి ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది.

సరే, కండరం దొరికింది. ఇక ఇంట్లో చేసుకోవచ్చుగా, క్లాసు ఎందుకు? మా వీధిలోనే ఒకావిడ నన్ను నిలదీసింది. 'ఇదేమైనా భరతనాట్యమా, నలుగురిలో నేర్చుకోడానికి?' అని.

నార్వేలో కారి బో అనే ఫిజియోథెరపిస్ట్ బృందం 1990లో ప్రచురించిన పరిశోధన నాకు చాలా ఇష్టం. స్ట్రెస్ రకం ఉన్న స్త్రీలు 52 మంది. రెండు గుంపులు చేశారు. అందరికీ బిగింపు నేర్పారు, సరిగా చేస్తున్నారో లేదో చూశారు. అందరినీ ఇంట్లో రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి 8 నుంచి 12 బిగింపులు చేయమన్నారు. తేడా ఒక్కటే. ఒక గుంపు దానికి తోడు వారానికి ఒకరోజు, 45 నిమిషాలు, ఫిజియోథెరపిస్ట్ నడిపే క్లాసుకు వచ్చింది. ఆరు నెలలు గడిచాయి. ఇంట్లోనే చేసుకున్నవాళ్లలో పూర్తిగానో దాదాపు పూర్తిగానో ఆగిందన్నవాళ్లు నూటికి 17 మంది. క్లాసుకు వచ్చినవాళ్లలో 60 మంది. ఒకే కండరం, ఒకే పాఠం. వారానికి ముప్పావు గంట అంత తేడా తెచ్చింది.

ఆ ముప్పావు గంటలో ఏముందో మా క్లాసు చూస్తే తెలుస్తుంది. ఎనిమిది, తొమ్మిది మంది ఉంటాం. చాపలు, నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను. ముందు పడుకుని, మోకాళ్లు మడిచి. తర్వాత కూర్చుని, తర్వాత నిలబడి. పడుకుని చేస్తే తేలిక, నిలబడితే కడుపులో బరువంతా దాని మీదే పడుతుంది కాబట్టి కష్టం. పైకి లాగి ఆరేడు సెకన్లు నిలపడం, ఆ పైన మూడు నాలుగు గబగబా బిగింపులు, తర్వాత పూర్తిగా వదిలేయడం. వదలడం కూడా వ్యాయామమే, తొందరలో అందరూ దాన్నే మింగేస్తారు. మధ్యలో తుంటికి, తొడలకు, వీపుకు బలాన్నిచ్చేవి చేస్తాం. ఒంటరిగా ఇంట్లో అయితే ఆరో బిగింపుకి కుక్కర్ విజిల్ వేస్తుంది. పక్కన ఎనిమిది మంది చేస్తుంటే పన్నెండో బిగింపు దాకా వెళ్తారు. అంతకంటే పెద్ద రహస్యమేం లేదు.

ఆఖర్లో నిజం పనులు చేయిస్తాం. ఖాళీ బిందె, నిండు బిందె, చిన్న గ్యాస్ సిలిండర్. ఎత్తే ముందు బిగించు, ఎత్తు, దించాక వదులు. దగ్గే ముందు బిగించు. దీన్ని ఇంగ్లీషులో 'నాక్' అంటారు, కిటుకు అని. 1998లో మిల్లర్, ఆష్టన్-మిల్లర్, డిలాన్సీ అనే అమెరికా పరిశోధకులు పెద్దవయసు స్త్రీలకు ఈ ఒక్క కిటుకే నేర్పి వారం తర్వాత దగ్గించి చూశారు. మామూలు దగ్గుకు కారడం దాదాపు మొత్తం తగ్గిపోయింది. వారంలో కండరానికి బలం రాదు. అదనులో బిగించడం వచ్చిందంతే.

మా క్లాసులో ఒక పెద్దావిడ ఉండేది. భజన బృందంలో పాడేది, మానేసింది. కిందనుంచి లేచేటప్పుడు పడిపోతుందని భయం. మూడు వారాలు గోడ పక్కన, నోరు విప్పకుండా చేసింది. ఒకరోజు ఎవరో జోకు వేస్తే పెద్దగా నవ్వి, 'అయ్యో, పోయింది' అనేసింది పైకే. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఇటు పక్కనుంచి 'నాదీ' అని ఒకరు, వెనకనుంచి 'నాదీ' అని ఇంకొకరు. ఆ రోజు వ్యాయామం సరిగా సాగలేదు, ఒప్పుకుంటాను. కానీ తర్వాతి వారం ఒక్కరూ మానలేదు.

కెనడాలో మాంట్రియల్, షెర్‌బ్రూక్ నగరాల్లో అరవై, ఆపై వయసున్న 362 మందిని సగం చేసి, సగం మందికి విడిగా, సగం మందికి ఎనిమిదేసి మంది క్లాసుల్లో 12 వారాలు నేర్పారు. ఫలితాలు 2020లో వచ్చాయి. ఏడాది తర్వాత చూస్తే కారడం విడిగా నేర్చుకున్నవాళ్లలో 70 శాతం, క్లాసుల్లో 74 శాతం తగ్గింది. అంటే క్లాసు ఏ మాత్రం తక్కువ కాదు. ఒక ఫిజియోథెరపిస్ట్ ఒక గంటలో ఎనిమిది మందికి పనికొచ్చినట్టు, ఖర్చు కూడా అంతమంది పంచుకున్నట్టు. అయితే ఆ క్లాసుల్లో చేరే ముందు కూడా ప్రతి ఒక్కరికీ ఒకసారి విడిగా బిగింపు నేర్పారు. ఈ మాట వదిలేసి 'క్లాసు చాలట' అని మాత్రం పట్టుకెళ్లకండి.

మరి ఊరూరా ఉన్న యోగా క్లాసుల సంగతేమిటి? మూలబంధం, అంటే యోగాలో ఈ కింది కండరాలనే పైకి బిగించడం, చేయించేవాళ్లు ఉన్నారుగా అని అడుగుతారు. 2024లో అమెరికాలో 240 మంది మీద చేసిన పరిశోధన ఉంది. 12 వారాలు కొందరు యోగా, కొందరు మామూలు స్ట్రెచింగ్, కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామాలు చేశారు. యోగా గొప్పదని తేలలేదు. రెండు గుంపుల్లోనూ రోజుకు సుమారు రెండుసార్ల చొప్పున కారడం తగ్గింది. నాకైతే ఇది మంచి కబురే. మీ దగ్గర యోగా టీచర్ ఉంటే ఆమె దగ్గరికే వెళ్లండి, ముందు ఒక్కసారి మాత్రం కండరాన్ని పరీక్ష చేయించుకుని వెళ్లండి. జుంబాలో గెంతితే కారుతోందని జిమ్ మానేసినవాళ్లకు కూడా ఇదే మాట. గెంతడం కొన్నాళ్లు ఆపండి, వ్యాయామం ఆపకండి. బరువు ఎక్కువున్నవాళ్లకు కాస్త తగ్గినా తేడా తెలుస్తుంది. 2009లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఆరు నెలల్లో ఎనిమిది శాతం బరువు తగ్గినవాళ్లకు కారడం దాదాపు సగానికి పడిపోయింది.

తొందర రకం వాళ్లు ఇంకోటి చేయాలి. ఆ తొందర వచ్చినప్పుడు పరుగెత్తకండి. నిలబడిపోండి లేదా కూర్చోండి. గబగబా ఐదారు బిగింపులు. తొందర కాస్త సద్దుమణిగాక నడిచి వెళ్లండి. వారం వారం ఇలా ఆపుకునే వ్యవధిని కొంచెం కొంచెం పెంచాలి. కాఫీ, టీ తగ్గించి చూడండి. నీళ్లు మాత్రం తగ్గించొద్దు. బడిలో బాత్రూమ్ బాగుండదని సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగని టీచర్లు, ఆర్టీసీ బస్సెక్కాలని ముందురోజు నుంచే నోరు కట్టుకునే అత్తలు ఎంతమందో నాకు తెలుసు. చిక్కబడిన మూత్రం లోపల ఇంకా గిల్లుతుంది, తొందర ఇంకా పెరుగుతుంది.

క్లాసుకు కాదు, ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లాల్సినవాళ్లూ ఉన్నారు. మూత్రంలో రక్తం, మంట, జ్వరం, అసలు మూత్రం రాకపోవడం, కాళ్లు తిమ్మిరెక్కడం, కింద ఏదో జారినట్టు ఉండటం, రాత్రీ పగలూ ఆగకుండా కారుతూనే ఉండటం. షుగర్ ఉన్నవాళ్లు అది అదుపులో ఉందో లేదో చూపించుకోండి. గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పండి. దేశంలో ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ ముందున్నాయి కాబట్టి నేను ప్రతిసారీ అడుగుతాను. వ్యాయామంతో తగ్గనివాళ్లకు ఆపరేషన్ ఉంది, అదేమీ ఓటమి కాదు. కానీ ముందు మూడు నెలలు ఎవరైనా దగ్గరుండి చేయించిన వ్యాయామం పడాలి. మూడు నెలలంటే మూడు నెలలే. మూడో వారంలో 'ఏం లాభం' అనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది.

ఇప్పుడు ఒకసారి చేద్దాం. కుర్చీలో కాస్త ముందుకు జరగండి, పాదాలు నేలకు ఆనించండి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ రాకుండా ఆపుకుంటాం చూడండి, వెనకనుంచి అలా మొదలుపెట్టి ముందుదాకా పైకి లాగండి. పిరుదులు కదలకూడదు. ఊపిరి ఆపొద్దు, నాతోపాటు పైకే లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు. వదిలేయండి. దొరికినట్టు అనిపించకపోతే తప్పు మీది కాదు, దాని కోసమే పరీక్ష. ఇంకోమాట, బాత్రూమ్‌లో మూత్రాన్ని మధ్యలో ఆపి రోజూ ప్రాక్టీస్ చేయకండి, అది మంచిది కాదు.

నాకు ఇచ్చిన టైమ్ అయిపోయింది. ప్రశ్నలు పైకి అడగక్కర్లేదు. తలుపు పక్కన బల్ల మీద అట్టపెట్టె, చీటీలు, పెన్నులు పెట్టాను. పేరు రాయొద్దు. టీ తాగి వచ్చేలోపు పెట్టె నిండితే, ఉన్నంతసేపూ ఉండి ఒక్కొక్కటీ చదివి చెప్తాను.