అప్‌లోడ్ నొక్కే ముందు

శ్రోతలకు నమస్కారం. ఈరోజు సొంతంగా లఘుచిత్రాలు తీసేవాళ్లకు ఒక మాట.

కోడీ కుంపటీ ముసలమ్మ కథ మీకు తెలిసే ఉంటుంది. తన కోడి కూస్తేనే ఊరికి తెల్లారుతుందనుకుంది. ఊరిమీద అలిగి, కోడినీ కుంపటినీ తీసుకుని అడవికి వెళ్లిపోయింది. మా అమ్మమ్మ కథ ఆపి, "మరి తెల్లారిందా, లేదా?" అని మమ్మల్నే అడిగేది.

కన్నడంలోనూ ఇలాంటి కథ ఉంది. అక్కడా ముసలమ్మ కోడిని ఎత్తుకుపోతుంది. కానీ అక్కడ నిజంగానే తెల్లారదు. ఊరు ఊరంతా చీకట్లో పడుతుంది. మైసూరు అబ్బాయి చిదానంద నాయక్ డాక్టరు చదువు చదివి, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది టెలివిజన్ కోర్సులో చేరారు. కోర్సు చివర తీయాల్సిన సినిమాకి ఈ కథే పట్టుకున్నారు. షూటింగుకి దొరికినవి నాలుగు రోజులు. నాలుగంటే నాలుగే. సినిమా 16 నిమిషాలు. 2024లో ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా ఉత్సవంలో, ఫిల్మ్ స్కూళ్ల విద్యార్థులు పోటీపడే లా సినెఫ్ విభాగంలో మొదటి బహుమతి దానికే వచ్చింది. పేరు 'సన్‌ఫ్లవర్స్ వర్ ద ఫస్ట్ వన్స్ టు నో'. పొద్దు పొడవలేదని ముందుగా తెలిసేది పొద్దుతిరుగుడు పువ్వుకే కదా! ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఫిల్మ్ స్కూల్లో చేరలేని మా సంగతేమిటంటారా? చేతిలో ఫోన్ ఉంది. ఎడిటింగుకి డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది. పంపడానికి ముంబయి, తిరువనంతపురం, బెంగళూరు సినిమా ఉత్సవాలున్నాయి. ఫిల్మ్‌ఫ్రీవే అనే వెబ్‌సైట్‌లో ఒక్కసారి వివరాలు నింపితే ఎన్నో ఉత్సవాలకు అక్కడి నుంచే పంపుకోవచ్చు. కొన్ని రుసుము అడుగుతాయి, కొన్ని అడగవు. ముందుగా పంపితే రుసుము చాలాచోట్ల తక్కువ. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మాత్రం మరవకండి.

ఇవన్నీ వెతికితే దొరుకుతాయి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. సినిమా పూర్తయిన రాత్రే యూట్యూబ్‌లో పెట్టేయకండి.

నాకు తెలిసిన ఒక కుర్రాడు మేనత్త కిరాణా కొట్టులో సినిమా తీశాడు. తూకం రాళ్లు, బెల్లం మీద ఈగలు, అప్పు పద్దు రాసుకునే నోటు పుస్తకం. ఎంత బాగా తీశాడో! తెల్లవారుజామున మూడింటికి పని ముగించి, ఆ సంతోషంలో అప్పుడే అప్‌లోడ్ చేశాడు. తర్వాత తాను పంపాలనుకున్న ఉత్సవం నిబంధనలు చదివాడు. ఇంటర్నెట్‌లో అందరికీ చూపించిన సినిమాని తీసుకోబోమని ఉంది. అన్ని ఉత్సవాలూ అలా అనవు, కానీ కొన్ని అంటాయి. ఆస్కార్ లఘుచిత్రాల పోటీలోనూ అంతే, అర్హత రాకముందే నెట్‌లో పెట్టకూడదు.

అందుకే ముందు నిబంధనలు, తర్వాత అప్‌లోడ్. ముందు నిబంధనలు. ఎవరికైనా చూపించాలంటే వీమియో అనే వీడియో వెబ్‌సైట్‌లో పెట్టి పాస్‌వర్డ్‌తో తాళం వేయండి. లింకూ పాస్‌వర్డూ వాళ్లకే పంపండి. ఉత్సవాల వంతు ముగిశాక యూట్యూబ్ ఎలాగూ ఉంది, అప్పుడు ఊరందరికీ చూపించండి.

పోయిన వారం ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. రెండో సినిమా పూర్తయిందట.

"పెట్టేశావా నాయనా?" అన్నాను.

"లేదండీ, తాళం వేశాను" అన్నాడు.