మెడలో రోము చక్రవర్తి

శ్రోతలకు నమస్కారం.

కొండాపూర్ అంటే హైదరాబాదు వాళ్లకి ఐటీ ఆఫీసులే గుర్తొస్తాయి. నేను చెప్పేది ఆ కొండాపూర్ గురించి కాదు, సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఊరి గురించి. అక్కడ పొలాల మధ్య ఓ పెద్ద మట్టిదిబ్బ ఉంది. దాన్ని కోటగడ్డ అంటారు. 1900లో పురావస్తు పరిశోధకుడు హెన్రీ కజిన్స్ దాన్ని గుర్తించాడు. 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖ తవ్వితే శాతవాహనుల నాటి పట్నం బయటపడింది. దొరికిన వస్తువులకు అక్కడే మ్యూజియం కట్టారు.

తెలంగాణ పల్లెల్లో బండరాళ్లు గుండ్రంగా పేర్చి కనిపిస్తాయి కదా, మనవాళ్లు రాకాసి గుళ్లంటారు. అవి ఇనుప యుగపు సమాధులు. ఈ పట్నం లేచింది ఆ కాలం తర్వాతే. ఇక్కడ సీసం నాణేలు, పూసలు, తెల్లమట్టి బొమ్మలు దండిగా దొరికాయి. ఆ బొమ్మల్ని రెండు అచ్చుల్లో చేసి అతికించేవాళ్లు, లోపలంతా డొల్ల.

రోము చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా ఇక్కడ దొరికింది. అందరూ దాని గురించే చెబుతారు గానీ, నా మనసు మాత్రం ఇక్కడే దొరికిన మట్టి బిళ్లల మీదే ఉంది. అగస్టస్ తర్వాతి చక్రవర్తి తిబేరియస్ నాణేన్ని చూసి మట్టిలో అచ్చు తీసి కాల్చినవి. ఇలాంటి నకళ్లలో లాటిన్ అక్షరాలు చాలాసార్లు గీతలూ చుక్కలుగానే మిగులుతాయి. చేసినవాడికి ఆ లిపి రాదు, అవసరమూ లేదు. పైన మాత్రం దారం దూర్చడానికి కొక్కెం మరిచిపోలేదు! కాసులపేరు కొనలేని ఇంట్లో గిల్టు గొలుసు ఎలాగో, ఇదీ అలాగే.

అసలు బంగారం ఇటెందుకొచ్చింది? మిరియాలకీ, సన్నబట్టలకీ, రత్నాలకీ. ఏటా 5 కోట్ల సెస్టర్సులు, అంటే రోమన్ నాణేలు, భారతదేశానికి పోతున్నాయని రోములో ప్లినీ అనే రచయిత వాపోయాడు. ఆంధ్రులకు 30 కోట పట్టణాలున్నాయని రాసిందీ ఆయనే. వాటిలో కొండాపూర్ ఒకటని కొందరంటారు. పేర్లు రాయలేదు కాబట్టి నేనైతే అంత దూరం పోను.

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేల పాతర దొరికింది. వాటిలో చాలావాటి మీద, సరిగ్గా చక్రవర్తి తల మీదే కత్తిగాటు ఉంది. వెండి అసలుదో కాదో చూశారని కొందరు, పరాయి రాజు ముఖం చెల్లదని కొట్టేశారని కొందరు. కొండాపూర్‌లో మెడలో వేసుకున్న ముఖానికి అక్కడ గాటు పెట్టారన్నమాట.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్లండి. పూసల్ని మాత్రం తీరిగ్గా చూడండి, అంత చిన్న రాయికి బెజ్జం ఎలా వేశారో వాళ్లే అడుగుతారు.