క్యాలెండర్ మీద పాల లెక్క, నా రోజుల లెక్క

నమస్తే అండీ. వీడియో కొంచెం ఊగుతుంది, ఏమనుకోవద్దు. ట్రైపాడ్ అప్పుడే సూట్‌కేసులోకి వెళ్లిపోయింది. ఈరోజు జనవరి 24, శనివారం. రాత్రి ఎనిమిదవుతోంది, తెల్లవారుజామున ఫ్లైట్. సెలవుకని వచ్చి, అమెరికా ఉద్యోగం ఇక్కణ్ణుంచే చేయాల్సొచ్చింది, ఆ కథే ఈ వీడియో. అమ్మ వంటింట్లో గోంగూర పచ్చడి సీసాకి మూడో కవరు చుడుతోంది. పోయినసారి కారి పాప గౌన్లన్నీ ఎర్రగా అయ్యాయి, ఆ కోపం ఇంకా తీరలేదు ఆవిడకి.

ఇది చెన్నై విల్లివాక్కంలో మా అమ్మావాళ్ల ఇల్లు. మాది నెల్లూరు వైపు. నాన్న ఇక్కడ ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం, అలా పెరిగాం మేం.

మూడు వారాల సెలవు పెట్టుకుని నవంబర్ 24న వచ్చాను. డిసెంబర్ 13న తిరిగి అమెరికాకి, డాలస్ వెళ్లిపోవాల్సింది. డిసెంబర్ 5న నాన్న బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, వాకర్, ఫిజియోథెరపీ, అన్నీ అయ్యాయి. ఇప్పుడు నయమే. అదిగో, వరండాలో వాకర్ పక్కన పెట్టుకుని పేపర్ చదువుతున్నారు. కెమెరా చూస్తే ముఖం తిప్పుకుంటారు.

ఆ రాత్రి హాస్పిటల్ కారిడార్‌లో కూర్చుని నేను చేసిన మొదటి పని చెప్పాలంటే సిగ్గుగానే ఉంటుంది. ఫోన్ తీసి సెలవులు ఎన్ని మిగిలాయో చూసుకున్నాను. హెచ్-1బి మీద, అంటే కంపెనీ స్పాన్సర్ చేసే అమెరికా ఉద్యోగ వీసా మీద బతికేవాళ్లకి ఇది అర్థమవుతుంది. వారం కూడా మిగల్లేదు.

"లాప్‌టాప్ ఉంది కదా, ఇక్కణ్ణుంచే చేసెయ్." ఇది అందరూ ఇచ్చిన సలహా. మా ఇంజినీరింగ్ వాట్సాప్ గ్రూపులో ఒకడైతే ఇంకో మెట్టెక్కాడు. డాలస్ ఇంట్లో మా ఆయన చేత ఒక చిన్న రౌటర్ పెట్టించి, ఇక్కడ ఇంకోటి పెట్టుకుంటే ఆఫీసు సిస్టంలో నేను డాలస్‌లో ఉన్నట్టే కనిపిస్తానట. ఎవరికీ తెలియదట. చాలామంది చేస్తున్నారని నాకూ తెలుసు. కానీ నేను ఇండియాలో దిగినట్టు పాస్‌పోర్టులో స్టాంపు ఉంది. అమెరికా వదిలిన తేదీ వాళ్ల సరిహద్దు శాఖ రికార్డులో ఉంది. ఒక్క ఆఫీసుకి మాత్రం నేను టెక్సాస్‌లో ఉన్నాననాలా? నిద్ర పట్టే పనేనా అది? హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టేశాను.

జవాబు రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో నేను చదివిందంతా మీకు అప్పజెప్పను కానీ, అసలు సంగతి ఒకటి చెప్పాలి. నేను ఇండియా పౌరురాలిని. ఇక్కడ కూర్చుని పనిచేయడానికి నాకు ఏ వీసా అక్కర్లేదు. హెచ్-1బి అమెరికాలో చేసే పనికి. అది కూడా కంపెనీ లేబర్ శాఖకి రాసిచ్చిన ఊళ్లో చేసే పనికి. అదే డాలస్ చుట్టుపక్కల ఇల్లు మారితే చిరునామా మార్పు 10 రోజుల్లోపు ఇమిగ్రేషన్ వాళ్లకి తెలియజేస్తే సరిపోతుంది. వర్క్ ఫ్రమ్ హోమే కదా అని చెప్పకుండా ఆస్టిన్‌కి మకాం మార్చేస్తే మాత్రం పిటిషన్, అంటే మన వీసా కోసం కంపెనీ పెట్టిన దరఖాస్తు, సవరించాలి. 2015 నుంచి ఇది స్పష్టంగా ఉన్న రూల్. మా ఫ్రెండ్ ఒకామె అద్దె తక్కువని అలాగే మారిపోయి, తర్వాత లాయర్ ఫీజుకి ఆ మిగిలిందంతా పెట్టింది.

మరి చెన్నై నుంచి పనిచేస్తే చిక్కెక్కడ అంటే, మొదటిది ఉద్యోగం. కంపెనీకి చెప్పకుండా చేసి పట్టుబడి, ఉద్యోగం పోయిందనుకోండి. అమెరికాలో ఉండగా పోతే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజుల దాకా గడువుంటుంది. బయట ఉండగా పోతే ఆ గడువు మనకి లేదు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు నిగనిగలాడుతూనే ఉంటుంది, ఉద్యోగం లేకుండా దాంతో లోపలికి వెళ్లలేం. ఇక ఆ స్టాంపు గడువు కూడా తీరిపోతే, వీసా లేకుండా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్‌కి 2025 సెప్టెంబర్ 21 నుంచి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. అప్పుడు నా మొహం చూసి ఏ కంపెనీ కడుతుంది?

నాకు వీసా స్టాంపు 2027 దాకా ఉంది కాబట్టి సరిపోయింది. అదే డిసెంబర్‌లో కొత్త వీసా స్టాంపు వేయించుకోవడానికి వచ్చినవాళ్ల అవస్థ చూశాను. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి వాళ్లవీ, వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 వీసావాళ్లవీ సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తామన్నారు, అన్నీ పబ్లిక్‌లో పెట్టమన్నారు. ఎంతోమంది ఇంటర్వ్యూలు 2026లోకి జరిగిపోయాయి. ఇదివరకులా మెక్సికోకో కెనడాకో వెళ్లి వేయించుకుందామన్నా, సొంత దేశంలోనో నివాసముండే దేశంలోనో అపాయింట్‌మెంట్ తీసుకోమని సెప్టెంబర్‌లోనే చెప్పేశారు. పదిహేను రోజులకని వచ్చి, పిల్లల స్కూలు అక్కడ, తాము ఇక్కడ.

సరే, హెచ్‌ఆర్ జవాబు. డిసెంబర్ 16 నుంచి 30 రోజులు చేసుకోవచ్చు. కొన్ని ఫోల్డర్లు తెరవకూడదు, వాటికి తాళం వేశారు. అమెరికా ఎగుమతి నియమాల కిందికొచ్చే టెక్నాలజీ అయితే, ఇక్కడ కూర్చుని ఆ ఫైల్ తెరిచినా ఎగుమతి చేసినట్టే లెక్కట. మా టీంలో కాంట్రాక్టులు ఓకే చేసే అధికారం నాకుండేది, అదీ ఆపేశారు. ఇక్కణ్ణుంచి నేను సంతకాలు పెడుతుంటే కంపెనీకి ఇండియాలో ఒక శాఖ ఉన్నట్టు పన్నులవాళ్లు అనుకునే ప్రమాదం ఉందట. మొదట కోపం వచ్చింది, నన్నేదో దొంగలా చూస్తున్నారని. తర్వాత అనిపించింది, ఇంత రాసిచ్చారు కాబట్టే నేను ధైర్యంగా కూర్చున్నానని.

ఇదిగో, ఈ మూలే నా ఆఫీసు. కింద పెడల్ కనిపిస్తోందా? అమ్మ పాత కుట్టుమిషన్ ఇది. పైన చెక్క మూసి లాప్‌టాప్ పెట్టాను. మీటింగ్‌లో టెన్షన్ వస్తే కాలు దానంతటదే పెడల్ తొక్కేది. మా మేనేజర్ ఒకరోజు "ఆ టకటక ఏంటి?" అని అడిగాడు. చలికాలంలో డాలస్‌కీ మనకీ పదకొండున్నర గంటల తేడా. అక్కడ ఉదయం తొమ్మిదంటే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. అక్కడ సాయంత్రం ఐదంటే ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. లాప్‌టాప్ మూసేసరికి పెరుమాళ్ కోవెల మైకులో తిరుప్పావై మొదలయ్యేది. డిసెంబర్ 16నే మార్గళి, అంటే మన ధనుర్మాసం మొదలు, రోజుకో పాశురం, మొత్తం 30. కంపెనీ ఇచ్చిందీ 30. ఆండాళ్ తల్లే నా టైమ్‌షీట్ అన్నమాట. అమ్మ వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గు మొదలుపెట్టేది, నేను ఫిల్టర్ కాఫీ తాగేసి పడుకునేదాన్ని.

ఇప్పుడు ఈ క్యాలెండర్ దగ్గరికి రండి. దగ్గరగా చూపిస్తాను. నల్ల ఇంటూ గుర్తులు అమ్మవి, పాలు రాని రోజులు. ఎర్ర సున్నాలు నావి, ఇండియాలో ఉన్న రోజులు. సున్నాలో చుక్క పెడితే పనిచేసిన రోజు. డిసెంబర్ ఆఖర్లో అమ్మ నా సున్నాల్ని కూడా తన లెక్కలో కలిపేసి, నెలంతా పాలే పోయలేదని పాలబ్బాయితో గొడవ పెట్టుకుంది. పాపం ఆ అబ్బాయి తమిళంలో దేవుళ్లందరి మీదా ఒట్టేశాడు. నేను నిద్రకళ్లతో లేచొచ్చి క్షమాపణ చెప్పాల్సొచ్చింది.

ఈ సున్నాలు ఎందుకంటే, రెండు లెక్కలున్నాయి. హెచ్-1బి మీద మామూలుగా ఆరేళ్లే ఉండనిస్తారు. కానీ దేశం బయట గడిపిన పూర్తి రోజులు ఆ ఆరేళ్లలోకి రావు. తర్వాత అడిగి కలిపించుకోవచ్చు. అడిగితేనే, రుజువుంటేనే. అందుకే బోర్డింగ్ పాసులు పారేయకండి. ఎలక్ట్రానిక్ గేటు ఉన్నా నేను మామూలు లైన్‌లోనే నిలబడి స్టాంపు వేయించుకున్నాను. నవంబర్ 22న బయలుదేరాను, రేపు 25న దిగుతాను. ఆ రెండు రోజులూ తీసేస్తే 63.

రెండోది ఇన్‌కంటాక్స్. ఇది నాకసలు తట్టనే లేదు. టీ నగర్‌లో నాన్న రిటర్నులు వేసే ఆడిటర్ గారి దగ్గరికి మందుల బిల్లుల పని మీద వెళ్తే, మాటల్లో ఆయనే అడిగారు.

"జీతం ఎక్కడ పడుతుందమ్మా?"

"డాలస్ బ్యాంకులోనండీ."

"పని ఎక్కడ కూర్చుని చేస్తున్నావు?"

"ఇక్కడే."

"అయితే ఆ జీతం ఇక్కడ పుట్టినట్టే. బ్యాంకు ఎక్కడుంటే మనకేంటి?"

గుండె జారిపోయింది. ఆయన నవ్వి టీ తెప్పించారు. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది. అమెరికాలో పన్ను కట్టే నివాసిని, ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 183 రోజులకి మించి లేను, జీతమిచ్చేది ఇక్కడి కంపెనీ కాదు, ఇక్కడ దానికి శాఖ లేదు. ఇవన్నీ కుదిరితే ఆ జీతం మీద ఇక్కడ పన్ను పడదు. నాలాగా చూసిపోవడానికి వచ్చిన ఎన్నారై 182 రోజులు ఉంటే ఇక్కడ రెసిడెంట్ అయిపోతారు. ఇండియాలో ఆదాయం 15 లక్షలు దాటితే 120 రోజుల దగ్గరే జాగ్రత్త పడాలి. లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఏప్రిల్‌లో చెల్లి పెళ్లికి వచ్చిన 16 రోజులు నేను మర్చేపోయాను, ఆయనే పాస్‌పోర్టు తిరగేసి పట్టుకున్నారు. వచ్చిన రోజు, వెళ్లే రోజు రెండూ కలుపుకోమన్నారు. నవంబర్ 24 నుంచి జనవరి 25 దాకా ఇది కూడా 63. తమాషా ఏంటంటే ఆ 63 వేరు, ఈ 63 వేరు. దీనికి 16 కలిపితే 79. గండం లేదు.

మధ్యలో యాడ్ వచ్చుంటే చెబుతున్నాను, ఆ డబ్బు నాకు రాదు. నేను మానిటైజేషన్ పెట్టుకోలేదు, పెట్టుకోను కూడా. హెచ్-1బి మీద స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పనిచేసి సంపాదించకూడదు. యూట్యూబ్ సరదాగా చేస్తే సరదా, డబ్బులు తీసుకుంటే పని. చీరల షాపులవాళ్లు కొలాబరేషన్ అంటూ మెసేజ్ పెడుతుంటారు, చీరలు బాగానే ఉంటాయి, ఏం చేస్తాం.

పొంగల్‌తో నా 30 రోజులు అయిపోయాయి. నాన్న అప్పటికి మెట్లెక్కలేకపోతున్నారు. అక్కడి చట్టంలో 1993 నుంచి ఎఫ్‌ఎంఎల్‌ఏ అని ఉంది, అమ్మానాన్నలకి పెద్ద జబ్బు చేస్తే 12 వారాల దాకా జీతం లేని సెలవు. ఏడాది పైగా పనిచేసి ఉండాలి, కంపెనీ మరీ చిన్నది కాకూడదు. హెచ్-1బి వాళ్లకీ వర్తిస్తుంది. మనంతట మనం అడిగి తీసుకున్న సెలవైతే జీతం ఆగినా వీసా స్టేటస్‌కి ఇబ్బంది లేదు, కాగితం ఉండాలంతే. 15 నుంచి అదే పెట్టాను. 19న మేనేజర్ మా ఆఫీసు చాట్ స్లాక్‌లో "ఒక్క చిన్న ప్రశ్న" అన్నాడు. రెండు నిమిషాల పని. చెయ్యి దురద పెట్టింది. చెప్పలేదు. సెలవంటే సెలవు. ఆ రోజు సున్నాలో చుక్క లేదు, చూడండి.

ఇదంతా మా పిన్ని కొడుకు మొన్న వచ్చి విన్నాడు. వాడిది ఇక్కడే ఓఎంఆర్ రోడ్డులో ఉన్న కంపెనీలో ఉద్యోగం, పని మాత్రం పూర్తిగా రిమోట్. "అక్కా, నేను బాలి వెళ్లి మూడు నెలలు బీచ్‌లో కూర్చుని చేస్తా, టూరిస్ట్ వీసా చాలు" అన్నాడు. ఒరేయ్, నా గొడవ వేరు, నీది వేరు. నేను నా దేశంలో చేశాను. నువ్వు పరాయి దేశంలో చూడ్డానికొచ్చానని చెప్పి పని చేస్తానంటున్నావు. దానికి వేరే వీసాలున్నాయి. ఇండోనేషియా వాళ్లది ఏడాదికి 60,000 డాలర్ల ఆదాయం అడుగుతుంది, వాడి మొహం వాడిపోయింది. థాయ్‌లాండ్ 2024లో ఒకటి పెట్టింది, ఐదేళ్ల వీసా, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు, ఖాతాలో ఐదు లక్షల బాత్ చూపించాలి. "అమ్మనడుగుతా" అన్నాడు. పిన్ని ఇస్తే చూడాలి.

పాప సంగతి ఒక్క ముక్క. తనది అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ, అంటే విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు ఉంది కాబట్టి ఎన్ని రోజులున్నా భయం లేదు. 20 ఏళ్లు వచ్చేదాకా పాస్‌పోర్టు మారినప్పుడల్లా కొత్త పాస్‌పోర్టు కాపీ, ఫోటో అప్‌లోడ్ చేయాలి, అంతే.

రేపు డాలస్‌లో దిగగానే ఐ-94లో, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డులో, తేదీ చూసుకోవాలి. మా ఆయనకి ఒకసారి పాస్‌పోర్టు గడువు దాకానే ఇచ్చారు, వీసా పిటిషన్ ఇంకో ఏడాది ఉన్నా సరే. ఎనిమిది నెలల తర్వాత కానీ చూసుకోలేదు ఆ మహానుభావుడు.

క్యాబ్ ఒంటిగంటకి చెప్పాను. నవంబర్, డిసెంబర్ కాగితాలు చింపి బోర్డింగ్ పాసులతో పాటు కవర్లో పెట్టుకున్నాను. అవి రుజువేమీ కాదు, తేదీలు నాకు గుర్తుండడానికి. జనవరి కాగితం మాత్రం అమ్మ ఇవ్వనంటోంది. ఈ నెల పాల లెక్క ఇంకా తేలలేదట. ఉండండి, ఫోటో తీసుకుంటాను. అమ్మా, లైటెయ్యి.