నెల్లూరు నీడ, ఒంగోలు నీడ

శ్రోతలకు నమస్కారం. నలభై ఏళ్ళు దాటినా వన్నె తగ్గని ఒక టెలివిజన్ ధారావాహికను గురించి ఈ రోజు మీతో ముచ్చటించదలచాను. ‘కాస్మాస్’ అనే ఆ పదమూడు భాగాల శాస్త్ర ధారావాహికను ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ తానే తెర మీద కనిపించి నడిపించారు. ఆన్ డ్రూయన్, స్టీవెన్ సోటర్ ఆయనతో కలిసి దాన్ని రాశారు. అమెరికాలో దాని ప్రసారం 1980 సెప్టెంబరు 28న మొదలైంది. అంతకు రెండు నెలల ముందు, జులై 18న, అప్పటి మా జిల్లాలోని శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది కనుక, నెల్లూరు సీమ వాళ్ళకు ఆ ఏడాది గుర్తుండడానికి ఇంకో కారణం కూడా ఉంది.

నేను ఆ ధారావాహికను చూసింది కొన్నేళ్ళ తరువాత, కావలిలో మా లెక్చరర్ గారి ఇంట్లో, వీడియో క్యాసెట్ల మీద. అందులోని ఇంగ్లీషు మాలో చాలామందికి అందేది కాదు. ఆయన టేపు ఆపి, విషయం తెలుగులో విప్పి చెప్పి, మళ్ళీ నడిపేవారు. మొదటి భాగంలో ఒక్కచోట మాత్రం టేపు ఆపవలసిన పని పడలేదు. సేగన్ చేతిలో ప్రాచీన ఈజిప్టు పటం ఉన్న అట్ట ఒకటి ఉంటుంది. దాని మీద నిలువుగా రెండు చిన్న స్తంభాలు, ఒకటి ఉత్తరాన అలెగ్జాండ్రియా దగ్గర, మరొకటి దక్షిణాన సైయీన్ దగ్గర. అట్ట చదునుగా ఉన్నంతసేపూ రెండు నీడలూ ఒకే తీరుగా ఉంటాయి. అట్టను కొద్దిగా వంచగానే ఒక స్తంభానికి నీడ లేకుండా పోయి, రెండోదానికి మిగిలిపోతుంది. ఆ గదిలో కూర్చున్న పదిమందికీ భూమి గుండ్రమని పుస్తకంలో చదివిన సంగతే, కానీ అది ఎలా తెలిసిందో కళ్ళతో చూడడం అదే మొదటిసారి.

క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని చూసుకున్న ఎరటోస్తనీస్ చేసిన పని అది. ఏడాదిలో ఒక రోజు మిట్టమధ్యాహ్నం సైయీన్‌లో నిలువు స్తంభానికి నీడ పడదని ఆయన చదివాడు. అదే వేళకు అలెగ్జాండ్రియాలో పడిన నీడను బట్టి రెండు ఊళ్ళ మధ్య కోణం ఏడు డిగ్రీలకు కాస్త ఎక్కువని, అంటే పూర్తి చుట్టులో యాభయ్యో వంతని లెక్క తేల్చాడు. ఊళ్ళ మధ్య దూరం సుమారు 800 కిలోమీటర్లు కనుక, దాన్ని యాభైతో హెచ్చిస్తే భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు వస్తుంది.

ఆ ధారావాహికలో కాలం చెల్లిన అంశాలు లేకపోలేదు. విశ్వం వయస్సును అందులో 1,500 కోట్ల ఏళ్ళుగా తీసుకున్నారు, ఇప్పటి లెక్క 1,380 కోట్లు. మన సూర్యుడి లాంటి మరో నక్షత్రం చుట్టూ గ్రహం ఉన్నట్టు రూఢి అయింది 1995లో, కనుక ఆ సంగతి అందులో ఉండే వీలే లేదు. రెండో భాగంలో జపాను ఎండ్రకాయల కథ వస్తుంది. వాటి వీపు మీద సమురాయ్ యోధుడి ముఖం లాంటి గుర్తు ఉంటుందని, జాలర్లు భయభక్తులతో అలాంటివాటిని తిరిగి సముద్రంలో వదిలేయడం వల్ల ఆ పోలిక తరతరాలుగా బలపడిందని సేగన్ ఎంతో అందంగా చెబుతారు. ఆ ఎండ్రకాయలు మరీ చిన్నవి, జాలర్లు ఎలాగూ తినరు, కాబట్టి ఆ వివరణ నిలవదని తరువాతి జీవశాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. సముద్రపు ఒడ్డు వాళ్ళం కనుక ఆ అభ్యంతరంలోని బలం మనకు చప్పున తెలుస్తుంది. అయినా ఆ అట్ట, ఆ రెండు నీడలు ఇప్పటికీ అంతే తాజాగా ఉన్నాయి. ఫలితాన్ని చెప్పి ఊరుకోకుండా ఆ ఫలితానికి చేరిన దారిని మన చేతికి అందించడమే దీనికి కారణమని నా నమ్మకం.

నేను హైస్కూలులో సైన్సు చెప్పడం మొదలుపెట్టిన తరువాత ఒక రోజు పటం చూస్తుండగా, నెల్లూరు, ఒంగోలు రెండూ ఇంచుమించు 80 డిగ్రీల రేఖాంశం మీదే, ఒకదానికి ఉత్తరాన ఒకటిగా ఉన్నాయని గమనించాను. అంటే రెండు ఊళ్ళకూ నడిమధ్యాహ్నం దాదాపు ఒకే నిమిషంలో వస్తుంది. ఎరటోస్తనీస్‌కు కూడా ఇంత చక్కని జత దొరకలేదు, ఎందుకంటే అలెగ్జాండ్రియా, సైయీన్ ఒకే రేఖాంశం మీద లేవు. నెల్లూరులో ఏప్రిల్ చివరి రోజుల్లో ఒకసారి, ఆగస్టు నడుమ మరొకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఒక ఏప్రిల్‌లో మేము నెల్లూరులో మీటరు కర్ర పాతి, తాపీమేస్త్రి దగ్గర తెచ్చిన గుండుదారంతో దాని నిలువు సరిచూసుకున్నాం. ఒంగోలులో మా బావమరిది తన డాబా మీద అలాంటిదే నిలబెట్టి, ఫోను చెవి దగ్గర పెట్టుకొని కూర్చున్నాడు. పన్నెండు దాటి ఏడెనిమిది నిమిషాలకు మా కర్ర నీడ దాని మొదట్లోకి ముడుచుకొనిపోయింది. ఒంగోలులో నీడ రెండు సెంటీమీటర్లు ఉందని ఆయన చెప్పాడు.

పటం మీద తిన్నగా కొలిస్తే ఈ రెండు ఊళ్ళ మధ్య సుమారు 118 కిలోమీటర్లు. పిల్లలు లెక్క కట్టగా భూమి చుట్టుకొలత 37,000 కిలోమీటర్లు వచ్చింది. సూర్యుడు చుక్కలా కాక బిళ్ళలా ఉంటాడు కనుక నీడ అంచు మసకబారి ఉంటుంది, అందుకే మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల తేడా తప్పదు. ఆ మసక అంచును వేలితో చూపిస్తూ, నీడ ఎక్కడ ముగిసిందని రాసుకోవాలో తెలియడం లేదని పిల్లలు వాదులాడుకున్నారు.

అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, “సార్, భూమి చదునుగా ఉండి సూర్యుడు దగ్గరలోనే ఉన్నా నీడలు ఇలాగే వస్తాయి కదా?” అని అడిగింది. సూర్యుడు ఎంతో దూరాన ఉన్నాడు కాబట్టి కిరణాలు సమాంతరంగా వస్తాయని సేగన్ అట్ట చూపిస్తూ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగుతారు. ఆ అమ్మాయి సరిగ్గా ఆ వాక్యాన్నే పట్టుకుంది. రెండు కర్రలతో ఆ ప్రశ్న తేలదు, బాగా దూరాన మూడో కర్ర కావాలి. మేమిద్దరం కాగితం మీద లెక్క వేసి చూస్తే, మూడో కర్రను శ్రీనగర్‌లో నిలబెట్టినా ఆ రెండు ఊహలకూ మధ్య నీడలో వచ్చే తేడా సెంటీమీటరున్నరకు మించదని తేలింది. అయినా సరే, ఆ అమ్మాయి అక్కడ సైన్సు చెప్పే టీచరు ఎవరైనా పరిచయం ఉన్నారా అని స్టాఫ్ రూములో అందరినీ అడిగి వచ్చింది.